అమ్మ గదిలో పొగ

హలో… ఆ, నేనేరా, అక్కని. సెప్పు నవీనూ… యాడుండావు?… చంద్రగిరిలోనా? అమ్మకు బాగలేదంటే శ్రీసిటీ నుంచి బండి మీదనే బయల్దేరితివా… టీ అంగడికాడ ఆగినావా. మంచిది, తాగు. నిదానంగా రా.

ఏంది?… అమ్మ గదిలో పొగా?… నీ ఫోన్లో సూపిస్తా ఉండాదా… ఎర్రగానా…

ఉండు నాయనా, ఒక్క నిమిషం.

— చిన్నబ్బ మామా, గోడకుండే ఆ గాలి కొలిచే పెట్టె, ఈడ పొగుండేదంతా వాడి ఫోనుకు సెప్పేస్తా ఉండాది. అమ్మ తలకాడి ఊదొత్తులు వాకిట్లోకి తీసకపో. దీపం ఉండనీ… లేదు, వాడికింకా సెప్పలేదు. బండి మీద వచ్చేవాడికి ఎట్లా సెప్పేది. —

ఆ, సెప్పరా… ఏం లేదు, పక్కింటోళ్ళు చెత్త కాలస్తా ఉండారు. కిటికీ మూసేస్తాలే… అమ్మా? పడుకోనుండాది… లేదు, ఆయాసం లేదు. ఇప్పుడు అస్సలు లేదు.

ఇంకోటా?… మనుషులు ఊపిరి ఇడిసేది కూడా తెలస్తాదా దానికి?… గది నిండా జనం ఉన్నట్టుండాదా… సూసిపోదామని వచ్చినార్రా. ఎల్లప్ప వాళ్ళు, వీధిలో వాళ్ళు… తిట్టబాక. పంపించేస్తాను.

…ఎందుకేడస్తాను. జలుబు.

పెట్టె చెడిపోయిందేమోరా… వైరు పీకి మళ్ళా పెట్టాల్నా?… వద్దులే. మామ కూడా పీకేయమనే అన్నాడు. నాకే చెయ్యి రాలేదు. నువ్వు నిచ్చెనెక్కి మేకులు కొట్టి పెట్టినావు. అమ్మ రొమ్ముకు పొగ పడదని, ఇన్నాళ్ళూ దేవుడి పటానికి కూడా ఊదొత్తి ముట్టించకుండా ఉంటిమి కదా…

…

అవునురా. ఊదొత్తులే.

…నవీనూ…

అమ్మకియ్యమంటావా ఫోను… ఎట్లా ఇచ్చేదిరా…

వద్దు. బండి తియ్యబాక. నా మాట ఇను. ఈ పొద్దుకు ఒకరు సాలు నాకు, నీకేమన్నా అయితే నేను తట్టుకోలేను… పక్కన ఎవరుండారు?… టీ ఆయనా? ఆయనకియ్యి ఫోను… ఇయ్యి నాయనా.

…అన్నా, నేను వాళ్ళక్కను. పూతలపట్టు నుంచి మాట్లాడతా ఉండాను… మీరెవరో నాకు తెలీదు. వాడి బండి తాళం తీసి మీ కాడ పెట్టుకోండన్నా. మా మామ కారులో బయల్దేరతా ఉండాడు, వచ్చేదాకా వాణ్ణి యాడికీ పోనీబాకండి…

మా అమ్మ పోయిందన్నా. పొద్దున్నే. వాడికి ఆ మాట నా నోటితో సెప్పలేకపోతిని…

కింద కూర్చున్నాడా… ఏడస్తా ఉండాడా… ఏడవనీండన్నా. ఒక్కణ్ణే ఇడిసిపెట్టబాకండి… సరేనన్నా. పెట్టేస్తా ఉండాను.