ఐదో ఎందుకు

ఆదివారం, ఉదయం తొమ్మిదిన్నర. ముందుగదిలో అత్తగారు, కోడలు, కాసేపటికి కొడుకు. సోఫా కింద ముసలి కుక్క, బుడ్డోడు. పదింటికి దాన్ని తీసుకెళ్ళడానికి జంతువుల ఆశ్రమం వాళ్ళ వ్యాను వస్తుంది.

“అదే చెప్తున్నా అత్తయ్యా. మీ అబ్బాయి ఈ ఇంట్లో గొంతు తగ్గించి మాట్లాడేది ఒక్కళ్ళతోనే. ఆ ఒక్కళ్ళకీ కాళ్ళు లేవు, చక్రాలున్నాయి.”

“తాబేలుతోనా?”

“తాబేలుతోనే. ఇల్లూడ్చే మిషను మీద అంత ప్రేమేంటండీ? పొద్దున లేవగానే తిరగేసి పొట్ట తడుముతారు. చక్రాల్లో ఇరుక్కున్న వెంట్రుకలు ఒక్కొక్కటే తీస్తారు. మెత్తటి గుడ్డతో తుడుస్తారు. నాకు జ్వరమొచ్చి నుదురు చూడమంటే, థర్మామీటరు రెండో సొరుగులో ఉంది చూసుకో అన్నారు.”

“వాళ్ళ నాన్నా అంతేనమ్మాయ్. ఆయనకి స్కూటరు ఉండేది.”

“మొదటిసారి నడిపిన రోజు గుర్తుందా? ఈ ఒక్క గది ఊడ్చింది. అదీ మూలలు వదిలేసి. దానికి ఈయన చప్పట్లు కొట్టి ‘శభాష్’ అన్నారు. శభాష్ అట! పద్దెనిమిదేళ్ళు ఊడ్చానండీ ఈ ఇల్లు, మూలలతో సహా. ఒక్కనాడైనా ఆ మాట మీ చెవిన పడిందా?”

“పడలేదు. నా చెవులు బాగానే పనిచేస్తాయి. ఆ రోజు నా కళ్ళూ బాగానే పనిచేశాయి.”

“అంటే?”

“ఏం లేదులే. వాడొస్తున్నాడు.”

“బుడ్డోడి గొలుసు ఎక్కడ పెట్టావు? దుప్పటి సర్దేశాను, గిన్నె కూడా పెట్టాను. గొలుసు కనబడట్లేదు.”

“ఒరేయ్, పన్నెండేళ్ళు ఈ ఇంట్లో తిరిగినవాణ్ణి నిజంగానే పంపించేస్తావా?”

“అమ్మా, మళ్ళీ మొదలుపెట్టకు. నలభై రోజుల్లో తొమ్మిదిసార్లు. తొమ్మిది! నట్టింట్లో చేశాడు. చేసి ఊరుకున్నాడా...”

“వాడు చేసి ఊరుకున్నాడండీ. ఊరుకోనిది మీ తాబేలు. ఒకచోట ఉన్నదాన్ని తీసుకెళ్ళి మూడు గదులకీ పంచింది. ఎవరికీ తక్కువ చేయకుండా.”

“దానికేం తెలుసు పాపం?”

“ఆ పాపం అనేది బుడ్డోణ్ణి ఒక్కసారి అంటే బాగుండేది.”

“నీకు నవ్వులాటగా ఉంది. మొన్న తెల్లారి అమ్మ ఆ మురికి మీద కాలేసి జారింది. గోడ అందింది కాబట్టి సరిపోయింది. నడుం విరిగుంటే? అప్పుడు కూడా ఇలాగే జోకులేస్తావా?”

“వేయను.”

“వాడికి వయసైపోయింది. పట్టు లేదు. అక్కడైతే సిమెంటు నేల, పైపుతో కడిగేస్తారు. నాకు మాత్రం సరదానా? లంచ్ సంచిలో పెట్టుకుని వాణ్ణి తెచ్చిందే నేను. అరచెయ్యంత ఉండేవాడు.”

“అందుకేనా పొద్దుట్నుంచీ వాడి మొహం చూడకుండా దుప్పటి సర్దుతున్నారు?”

“గొలుసు ఇవ్వు.”

“ఇస్తా. ముందు ఈ కాగితం ఏంటో చెప్పండి. ఫ్రిజ్ తలుపుకి అంటించారు.”

“రిపోర్టు. మా ఫ్యాక్టరీలో వాడే ఫారమే. ఏదైనా ఒక నిర్ణయం తీసుకుంటే దానికో పద్ధతి ఉండాలి.”

“అత్తయ్యా, వినండి. ‘లోపం: నేల పాడవడం. ఎందుకు: కుక్క. చర్య: కుక్క తొలగింపు.’ కింద సంతకం, తారీఖు.”

“పంపుల తనిఖీ ఇన్‌స్పెక్టరువి కదరా నువ్వు. పంపు కారితే ఇలాగే రాస్తావా? ‘ఎందుకు: నీళ్ళు’ అని?”

“దీని కింద ఇంకా నాలుగు గడులున్నాయండీ. ఎందుకు, ఎందుకు, ఎందుకు, ఎందుకు. నాలుగూ ఖాళీ.”

“ఇంటి విషయానికి అవన్నీ అక్కర్లేదు.”

“మొన్ననే కదరా ఫోన్లో ఎవరో కుర్రాణ్ణి చెడామడా తిట్టావు. మొదటి ఎందుకు దగ్గరే ఆగిపోయేవాడు తనిఖీకి పనికిరాడు, ఐదుసార్లు అడిగితేగానీ అసలు కారణం బయటికి రాదు, అని. మధ్యాహ్నం నా కునుకు పోయింది నీ అరుపులకి.”

“అది ఉద్యోగం అమ్మా.”

“ఊరూ పేరూ లేని పంపుకి ఐదు ఎందుకులు. మన బుడ్డోడికి ఒకటేనండీ.”

“అబ్బా... సరే. ఇంకా ఇరవై నిమిషాలున్నాయి. అడుగు. కానీ పద్ధతిగా అడగాలి. ఊహలు పనికిరావు, కళ్ళతో చూసిందే లెక్క. తప్పు ఎవరిదని తేలితే వాళ్ళే ఆ గడిలో స్వయంగా రాయాలి, అందరి ముందూ పైకి చదవాలి. అదీ మా రూలు.”

“మంచి రూలే.”

“నేనే పెట్టించాను.”

“అయితే రెండో ఎందుకు. బుడ్డోడు నట్టింట్లో ఎందుకు చేస్తున్నాడు?”

“చెప్పానుగా. ముసలాడు. పట్టు తప్పింది.”

“అది చూసిందా, ఊహా?”

“చూసిందే. అంటే... చూస్తే తెలుస్తుందిగా.”

“సాయంత్రం షికారుకి తీసుకెళ్తున్నది మీరే. గేటు దాటగానే చేసేస్తున్నాడా?”

“లేదు. వీధి చివర వాడి స్తంభం ఒకటుంది. అది వస్తేగానీ కాలెత్తడు.”

“దారిలో ఇంకేవీ లేవా స్తంభాలు?”

“పదకొండున్నాయి.”

“పదకొండు స్తంభాలు వదిలేసి పన్నెండోదాని కోసం ఆగేవాడికి పట్టు తప్పిందంటారు!”

“అది సాయంత్రం. ఇవన్నీ జరిగేది తెల్లవారుజామున.”

“తెల్లవారుజామునే. తాబేలు రాకముందు తెల్లవారుజామున ఎక్కడికెళ్ళేవాడు?”

“పెరట్లోకి. ముక్కుతో తలుపు తోసుకుని వెళ్ళి, పని చూసుకుని, మళ్ళీ...”

“అడ్డంకి తగిలింది. దయచేసి నన్ను విడిపించండి.”

“ఇప్పుడేమొచ్చిందిరా తాబేలుకి?”

“దొరసాని ఎక్కి కూర్చుందమ్మా. దిగు దొరసానీ. దిగవే. తోక తీసుకొచ్చి సరిగ్గా దాని కళ్ళకి అడ్డం పెడుతుంది ఈ పిల్లి.”

“తాబేలుకి కళ్ళున్నాయా?”

“ముందు వైపు రెండు, అడుగున నాలుగు.”

“ఆరు కళ్ళు పెట్టుకుని బుడ్డోడిది మాత్రం కనబడదేంరా?”

“అడుగువి అందుకు కాదమ్మా. మెట్లు కనిపెట్టడానికి. అంచు రాగానే ఆగిపోవాలి. ఆగుతుందని కంపెనీవాళ్ళు అంటారు. అదో పెద్ద అబద్ధం, వదిలేయ్.”

“మాట మారుస్తున్నారు. మూడో ఎందుకు. ఇప్పుడు పెరట్లోకి ఎందుకు వెళ్ళట్లేదు?”

“గడియ.”

“గట్టిగా. అత్తయ్యకి వినబడాలి.”

“పెరటి తలుపుకి గడియ పెట్టుంటోంది కాబట్టి. విన్నావా అమ్మా?”

“ఆ తలుపు మీద గీతలు చూశారా?”

“అవి దొరసానివి.”

“దొరసాని గోళ్ళు పడితే దారాల్లా ఉంటాయి. సోఫా అడగండి, చెబుతుంది. ఇవి పెన్సిలంత మందం. వాటి మధ్యలో ఎండిన మరక ఉంది, సరిగ్గా ముక్కంత. ముక్కుతో తోసి తోసి, గోళ్ళతో గీకి గీకి, ఇక లాభం లేదనుకుని వెనక్కొచ్చాడు.”

“అయ్యో! అమ్మాయ్, అందుకా... వాడు నలభై రోజులుగా చీకటుండగానే నా మంచం దగ్గరికొచ్చి మూలుగుతున్నాడు. నాలాగే కీళ్ళనొప్పులనుకున్నా. లేచి కూర్చుని కాళ్ళు పట్టాను. వాడు ఆపుకోలేక చస్తుంటే కాళ్ళు పట్టానమ్మా! ఎంత తిట్టుకుని ఉంటాడో.”

“బుడ్డోడా... ఇలా రా. రారా. ఏంటి, రావట్లేదు?”

“మీ చంకలో వాడి దుప్పటి ఉంది. అది పక్కన పెట్టి పిలవండి.”

“నాకు తట్టలేదు. నిజంగా తట్టలేదు.”

“నాలుగో ఎందుకు కూడా అడిగేస్తా. ఆ గడియ ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు?”

“నేనే. తాబేలు పెరటి మెట్ల మీంచి పడిపోయింది కదా, మొదటి రోజే. మూడు మెట్లు. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి పూలకుండీ పక్కన వెల్లకిలా పడుంది. చక్రాలు ఆకాశంలోకి చూస్తున్నాయి. ఆ సాయంత్రమే గడియ బిగించాను.”

“అయిపోయింది. రాసేయండి. మీ రూలు ప్రకారం పైకి చదవండి.”

“చదువుతా. ‘గడియ పెట్టింది నేను. పెట్టేటప్పుడు మిషను గురించి ఆలోచించాను, కుక్క గురించి ఆలోచించలేదు.’ చాలా?”

“చాలా బాగుంది. ఇక ఆ వ్యానువాళ్ళకి ఫోన్ చేసి వద్దనండి.”

“ఆగు. ఐదోది?”

“నాలుగు సరిపోయాయి కదండీ.”

“నాలుగేంటి? ఐదంటే ఐదు. ఇంతసేపూ నన్ను నిలబెట్టి అడిగింది నువ్వే.”

“పొయ్యి మీద కూర మాడుతోంది.”

“పొయ్యి మీద ఏమీ లేదమ్మాయ్. నేనిందాకే చూసొచ్చా.”

“అసలు ప్రశ్న అదే. ఆరు కళ్ళున్నది ఎందుకు పడింది? అది తేలకుండా గడియ తీస్తే మళ్ళీ పడుతుంది. దానికి వేళాపాళా లేదు, ఛార్జింగ్ నిండితే చాలు, బయల్దేరుతుంది. కాబట్టి గడియ తీసే ప్రసక్తి లేదు. గడియ ఉంటే బుడ్డోడు లోపలే చేస్తాడు, అమ్మ జారుతుంది. తిరిగి తిరిగి అక్కడికే వచ్చాం.”

“మరి తాబేల్ని మానేద్దాం. నేను ఊడుస్తా, ఎప్పట్లాగే.”

“చీపురుతో ఊడిస్తే బొచ్చంతా గాల్లోకి లేస్తుంది. అమ్మకి ఉబ్బసం. అది వచ్చాక దగ్గు తగ్గిందా లేదా, నువ్వే చెప్పు.”

“తగ్గింది.”

“పైగా నువ్వు వంగకూడదు.”

“నేనా?”

“మరెవరు? రెండు గదులు ఊడ్చేసరికి నడుం పట్టుకుని గోడకి ఆనుకునేదానివి. చూస్తూ ఊరుకోమంటావా? ఎందుకు తెచ్చాననుకున్నావు దాన్ని?”

“ఆ ముక్క తెచ్చిన రోజు చెప్పలేదే.”

“చెప్పాలా?”

“చెప్తే ఏం పోయేది?”

“తెచ్చాను కదా అనుకున్నాను. మొదటి రోజు అది గది మొత్తం తిరిగి వస్తే, అమ్మయ్య, ఇక నీ నడుం బతికిపోయింది అనిపించింది. చప్పట్లు కూడా కొట్టాను.”

“విన్నాం.”

“అలాంటిది అదే రోజు మెట్ల మీంచి పడితే ఎలా ఉంటుంది? కంపెనీకి మూడు ఉత్తరాలు రాశాను. వాళ్ళ జవాబు చూడు, ఎంత పొగరో. ‘మా యంత్రం అంచు దగ్గర తప్పకుండా ఆగుతుంది. ఎవరైనా తోసి ఉండవచ్చు.’ తోసి ఉండవచ్చట!”

“మీరేమని రాశారు?”

“ఊరుకుంటానా? ‘ఆ సమయంలో ఇంట్లో ఉన్నది మా అమ్మ, నా భార్య. అమ్మకి డెబ్బై ఆరేళ్ళు. నా భార్య డిగ్రీ చదివింది. అలాంటి పని చేసే మనిషి కాదు’ అని రాశాను.”

“అలాగే రాశారా? ఆ మాటే?”

“సంతకం పెట్టి మరీ.”

“డిగ్రీలో చేతులకీ బుర్రకీ నేర్పుతారు గానీ, కాళ్ళకి నేర్పరేమో.”

“ఏంటమ్మా?”

“నా కాళ్ళు లాగుతున్నాయి అంటున్నాన్రా. కిటికీ పక్కన కూర్చోవడం అలవాటు కదా, పెరట్లోంచి చల్లగాలి కొడుతుంది. ఆ కిటికీలోంచి పెరటి మెట్లు బాగా కనబడతాయి. కదమ్మాయ్?”

“అత్తయ్యా...”

“నేనేమీ అనలేదు.”

“ఆగండి, ఫోను. హలో... ఆఁ, ఆ వీధేనండీ. మందుల షాపు దాటి మూడో గేటు. అవును, కుక్క తయారుగానే ఉంది... ఐదు నిమిషాలా? సరే.”

“ఏమండీ, ఇంకొక్క రోజు ఆగుదాం.”

“ఆగితే ఏం మారుతుంది? నా తప్పు నేను రాశాను, చదివాను. కానీ మిషను పడటం పడటమే. ఐదోది ‘యంత్ర లోపం’ అని రాసేస్తున్నా. దానికి మన దగ్గర మందు లేదు. గొలుసు ఇవ్వు. నన్ను ఇంకా ఏడిపించకు.”

“రాయొద్దు.”

“ఏంటి?”

“ఆ మాట రాయొద్దు. అది చూసింది కాదు, ఊహ. కలం ఇలా ఇవ్వండి.”

“నువ్వెందుకు రాయడం? రూలు తెలుసు కదా, తప్పు ఎవరిదైతే...”

“వాళ్ళే రాయాలి. పైకి చదవాలి. తెలుసు.”

“అమ్మా, ఏంటిది?”

“వ్యానువాళ్ళు హారన్ కొడుతున్నార్రా. కొట్టనీ. ముందు అమ్మాయిని చదవనీ.”

“‘ఐదో ఎందుకు. తాబేలు మెట్ల అంచు దాకా వచ్చి ఆగింది. అడుగు కళ్ళు నాలుగూ బాగానే పనిచేశాయి. బుద్ధిగా వెనక్కి తిరుగుతోంది. ఆయన దానికి శభాష్ చెప్పి ఆఫీసుకి వెళ్ళి పది నిమిషాలైంది. కుడికాలితో తోశాను.’ తప్పు నాదండీ. బుడ్డోడిది కాదు, తాబేలుది కాదు, కంపెనీదీ కాదు, నాది. ఇక వెళ్ళి గడియ తీయండి, వాడు ఆపుకోలేకపోతున్నాడు.”