పాస్‌వర్డ్ సర్క్యులర్, మూడో సంతకం

సభాధ్యక్షులు ప్రిన్సిపాల్ గోవర్ధనరావు గారికి, వేదిక మీదున్న పెద్దలకి, మధ్యాహ్నం క్లాసులు లేవని నా వీడ్కోలు సభకి హుషారుగా వచ్చిన విద్యార్థులకి నమస్కారం. (నవ్వులు)

నాకు ముందు మాట్లాడినవాళ్లందరూ "మోషే గారు కంప్యూటర్ సెక్యూరిటీలో మహా మేధావి" అన్నారు. ఇరవై తొమ్మిదేళ్లుగా ఈ బందరులో ఆపరేటింగ్ సిస్టమ్స్ చెప్పాను, ఒక కంప్యూటర్‌లోకి ఎవరిని రానివ్వాలో ఎవరిని ఆపాలో పరిశోధన చేశాను, పదకొండు పేపర్లు రాశాను, వాటిలో ఒక్కటైనా చదివినవాళ్లు ఈ వేదిక మీద ఉన్నారేమోనని చూస్తున్నాను. (విరామం) పర్లేదండీ, ఇబ్బంది పడకండి.

చదివుంటే మన కాలేజీలో పాస్‌వర్డ్ మార్చే పద్ధతి ఇలా ఉండేది కాదు. విద్యార్థులకి తెలియదు గనక చెబుతున్నాను. మార్కులుండే కంప్యూటర్‌కి కొత్త పాస్‌వర్డ్ పెట్టగానే, దాన్ని సర్క్యులర్‌గా టైపు చేయించి, పైన ఎర్రగా "రహస్యం" అని రాయించి, ప్రతి డిపార్ట్‌మెంటుకీ తిప్పి, చూశామని అందరి చేతా సంతకాలు పెట్టించి, ఆఖరున నోటీసు బోర్డుకి గుచ్చుతారు. (నవ్వులు) నవ్వండి. క్లాసుకి టైమవుతోందని నేనూ సంతకం పెట్టాను. పెట్టనిది ల్యాబ్ టెక్నీషియన్ గ్రేస్ గారొక్కరే. ఇది తప్పండీ అని ప్రిన్సిపాల్ గారికి ఉత్తరం రాశారు. వైస్ ప్రిన్సిపాల్ శోభనాద్రి గారూ, దానికి మీరేమన్నారో గుర్తుందా? "ఆవిడకెందుకండీ ఇవన్నీ, మౌసులు తుడుచుకోక" అన్నారు.

పోయిన నెల ఎవరో ఆ కంప్యూటర్‌లోకి వెళ్లి నలభై మంది ఇంటర్నల్ మార్కులు మార్చేశారు. వెంటనే కమిటీ వేశారు. శోభనాద్రి గారు అధ్యక్షులు, నేనొక సభ్యుణ్ణి. ఆ నోటీసు బోర్డు ముందు నుంచే నడిచి వెళ్లి, గదిలో కూర్చుని, వేడివేడి పకోడీలు తిని, ఈ పని తెలిసినవాళ్లే చేస్తారు, తెలిసిందల్లా గ్రేస్‌కే అని తేల్చాం. మా తెలివి తెల్లారినట్టే ఉంది. పామర్రు నుంచి రోజూ మొదటి బస్సుకి వచ్చి ల్యాబు తెరిచే మనిషిని సస్పెండు చేశారు. ఆవిణ్ణి ఇవాళ్టి సభకి పిలవను కూడా పిలవలేదు.

ఆ రిపోర్టు మీద మూడో సంతకం నాది. మీ మీద నాకున్న అసహ్యం కన్నా నా మీద నాకున్నదే ఎక్కువ. మీరు తెలియక పెట్టారనుకుందాం. నేను తెలిసి పెట్టాను. ఆ రోజు నా రిటైర్మెంట్ కాయితాలు ప్రిన్సిపాల్ గారి సంతకం కోసం ఆయన బల్ల మీద ఉన్నాయి. "వెళ్లేముందు మీకెందుకండీ ఈ గొడవ?" అన్నారాయన. జేబులోంచి పెన్ను తీశాను. సిగ్గులేని పని.

ప్రిన్సిపాల్ గారూ, ఆ కాయితాలు ఇంకా మీ బల్ల మీదే ఉన్నాయి. ఉండనివ్వండి. కమిటీ రిపోర్టు మీది సంతకాన్ని వెనక్కి తీసుకుంటున్నానని రాసిన ఉత్తరం ఇదిగో. పాస్‌వర్డ్ ఎంతమందికి తెలుసో మన సంతకాలే చెబుతాయి గనక ఆ సర్క్యులర్ నకలు కూడా జతచేశాను. ఇంకో ప్రతి పొద్దున్నే యూనివర్సిటీకి రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. లేచి వెళ్లకండి శోభనాద్రి గారూ, అయిపోయింది.

ఓపిగ్గా విన్న పిల్లలకి, ముఖ్యంగా దివిసీమ నుంచి రెండు బస్సులు మారి వచ్చి నా పాఠాలు విన్నవాళ్లకి, నా కృతజ్ఞతలు. శాలువా ఈ బల్ల మీదే వదిలేస్తున్నాను. సోమవారం గ్రేస్ గారి విచారణ ఉంది. ముందు ఆవిణ్ణి క్షమాపణ అడిగి, తర్వాత ఆవిడ పక్క కుర్చీలో సాక్షిగా కూర్చుంటాను. అందాకా సెలవు.