ఇనుప చేప ఎక్కి విశాఖపట్నం

తాతబ్బాయి కోతలు మొదలుపెట్టే పద్ధతి ఒకటుంది. ముందు టీ గ్లాసు అందుకుంటాడు. ఊదడు, తాగడు, పక్కన పెట్టేస్తాడు. గ్లాసు ఖాళీ అయితే లేచిపోవాలి కదా మరి. ఈ దీవిలోని హాడోలో ఓడరేవు గేటుకెదురుగా ఉన్న కాసులమ్మ టీ బడ్డీ దగ్గర బెంచీ ఒక్కటే. తాగడం అయినవాళ్ళు లేచి, వచ్చినవాళ్ళకి చోటివ్వాలి. చల్లారి మీగడ కట్టిన ఆ గ్లాసుని కాసులమ్మ రోజూ చూస్తుంది, లేవమనదు. తాతబ్బాయి భార్య కాళమ్మ పోయి ఇది రెండో వానాకాలమనీ, ఆ ఇంట్లో దీపం వెలిగించినా ఆయనే, ఆర్పినా ఆయనేననీ ఆమెకి తెలుసు.

ఆ సాయంత్రం వాన అప్పుడే వెలిసింది. బెంచీ మీద తాతబ్బాయికి ఒక పక్క ఆటో నడిపే శివాజీ, ఇంకో పక్క ఓడరేవు స్టోరులో పనిచేసి రిటైరైన ప్రసన్న కుమార్ గారు కూర్చున్నారు. శివాజీ అప్పటికే ఆటో తాళం వేలికి తగిలించుకుని తిప్పుతున్నాడు. అంటే వెళ్ళిపోయే సూచన. తాతబ్బాయి అది చూశాడు.

"నిన్న ఇనప బొమ్మల గ్యాలరీకి ఎల్లినాను," అన్నాడు.

తాళం తిరగడం ఆగింది. ఓడరేవు వెనక పాత గోడౌనులో ఆ బొమ్మలు పెట్టిన సంగతి అందరికీ తెలుసు. తుక్కు దుకాణాల్లో పడున్న లంగర్లు, నూనె డ్రమ్ములు, సైలెన్సర్లు, బోట్ల సామాన్లు తెచ్చి అతికించి, పీతలూ తాబేళ్ళూ మొసళ్ళూ చేశాడట మద్రాసు నించి వచ్చిన ఒకాయన. వచ్చే ఓడకి అవన్నీ మద్రాసు వెళ్ళిపోతాయట కూడా. శివాజీ రోజూ టూరిస్టుల్ని ఆ గుమ్మం ముందు దింపుతాడు గానీ, లోపల అడుగుపెట్టింది లేదు.

"టికెట్ తీసుకున్నావా మామా?"

"నాకు టికెట్టేటి భయ్యా? గేటు కాడ జవాను నన్ను సూసి లెగిసి నిలబడ్డాడు. ఆయియే దాదా అన్నాడు. లోపలికెల్లితే బొమ్మలు సేసినాయన నెత్తి మీద సెయ్యెట్టుకుని కూకున్నాడు. దాదా, నాను ఇన్ని సేసినాను గానీ, ఈ సేప ఒక్కటీ తిన్నగా నిలబడ్డం లేదు, ఏటి సెయ్యమంతావు అన్నాడు. సేపంటే సేప కాదు, మినీ లారీ అంతున్నాది. నాను సుట్టూ ఓ తిరుగు తిరిగి, ఒకే ఒక్క నట్టు బిగించినాను. నిలబడింది."

ఇంతవరకూ బాగానే ఉంది. నట్టు బిగించడం ఏపాటి గొప్ప? నమ్మినా నష్టం లేదు. కానీ సరిగ్గా అప్పుడే గౌతమి వచ్చి బడ్డీ చూరు కింద నిలబడింది.

గౌతమి ఆ గ్యాలరీలోనే పని చేస్తుంది. పొద్దున్న టికెట్లు చింపుతుంది, సాయంత్రం బొమ్మలు తుడుస్తుంది. ఇల్లు దూరంగా గోల్ ఘర్‌లో. బస్సు వచ్చేదాకా ఇక్కడ టీ తాగి పోతుంది. మెడలో గ్యాలరీ కార్డు ఇంకా వేలాడుతూనే ఉంది. అది తాతబ్బాయి కంట పడింది. ఆపేద్దామా అనుకున్నాడు. ఆపేస్తే శివాజీ లేస్తాడు, వెనకే ప్రసన్న కుమార్ గారు గొడుగు తీస్తారు, ఆ వెనక తను ఇంటికి పోవాలి. పోయి తాళం తీసుకోవాలి. ఆ తలుపు కిర్రుమన్న తర్వాత తెల్లారేదాకా ఆ ఇంట్లో ఇంకో చప్పుడుండదు. ఈ పిల్ల ఏమంటే అంది గానీ అనుకుని గొంతు సవరించుకున్నాడు.

"ఆ సేప తోకలో బోటుని తోసే పంకా ఉన్నాది సూసినారా? అది ఎవులిదనుకున్నారు? నాదే. నాను సేపలకెల్లిన డింగీది. మూడు రెక్కలు. ఒక రెక్క కొస వంగుంతాది, నార్త్ బే కాడ రాయికి తగిలి. డింగీ తుపానుకి ముక్కలైపోతే, సామాను తుక్కులోకి ఎల్లిపోనాది."

శివాజీ పొట్ట పట్టుకుని నవ్వాడు. "అరే మామా, దీవుల్లో తుక్కంతా నీదేనా? రేపు ఆ మొసలి మా తమ్ముడంటావు."

ప్రసన్న కుమార్ గారు కూడా నవ్వారు. జవాను సలాం కొట్టాడంటే ఊకొట్టినవాళ్ళు, ఒక్క నట్టుతో లారీ అంత చేపని నిలబెట్టానంటే తలూపినవాళ్ళు, పంకా నాదంటే నవ్వుతున్నారు. ఆ నవ్వు తాతబ్బాయికి గుచ్చుకుంది. సరే, ఇదే నమ్మనివాళ్ళకి చెప్పడానికి హద్దేముంది?

"నవ్వండి, నవ్వండి. ఆ తరవాత ఏటయ్యిందో తెలుసా? దాని కడుపులో నీ ఆటోకున్నట్టే ఇంజనుంటే, ఓ డబ్బా డీజిల్ పోసి తాడు లాగినాను. డుగ్గు డుగ్గుమని తోక ఆడింది. గోడౌను తలుపు తోసుకుని బయటపడింది. నానేటి సెయ్యను, మీదెక్కి కూకున్నాను. ఓడలాగే గట్టు, ఆ వార్ఫు మీంచి ఒక్క గెంతు. రేవులో ఓడ ఒకటి బయలెల్తంది. మైకులో కేకేసినారు, తాతబ్బాయి గారూ, ముందు మీరెల్లండి, ఓడని ఆపినాం అని."

"ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందట," అంది కాసులమ్మ టీ వడకడుతూ. "మొన్న బస్సెక్కబోయి జారిపడ్డావు కదా బావా."

"బస్సు వేరు, సేప వేరు. దాని తళతళ సూసి మా రాణీగారొచ్చింది అనుకున్నాయి సముద్రంలో సేపలన్నీ. కోనాలు, సూరలు, పండుగప్పలు బారులు కట్టి ఎనకాలే వస్తన్నాయి. వల లేదు, గేలం లేదు, పెళ్ళూరేగింపే అనుకో. నార్త్ బే దీపస్తంభం నన్ను సూసి రెండుసార్లు కన్ను కొట్టింది. అక్కడ తిప్పినాను మూతి, విశాఖపట్నం కేసి."

ప్రసన్న కుమార్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆదివారం చర్చిలో లెక్కలు చదివేది ఆయనే. తప్పు వింటే ఊరుకోలేరు. "విశాఖపట్నానికి ఓడకే మూడు రోజులు పడుతుంది తాతబ్బాయీ."

"ఓడకి పడతాది బాబూ. ఓడ నిండుచూలాలు, నెమ్మదిగా నడవాల. సేపకేటి?"

శివాజీ తాళం జేబులో వేసుకున్నాడు. గౌతమి మాత్రం నవ్వలేదు. టీ తాగుతూ ఆయన్నే చూస్తోంది. బస్సు ఒకటి వచ్చి ఆగి వెళ్ళిపోయింది, ఎక్కలేదు. తాతబ్బాయికి ఆ చూపు కన్నా ఏదో ఒకటి అనేసినా బాగుండుననిపించింది. ఇక్కడ అయిదు దాటగానే పొద్దు వాలిపోతుంది. ఎదుట సముద్రం అప్పటికే నల్లబడుతోంది.

"అలా పోతన్నాను, పోతన్నాను. నడిసముద్రంలోకి వొచ్చీసరికి ఇంజను ఆగిపోనాది. సేపలన్నీ దేని దారిన అది పోనాయి. నలుపక్కలా నీళ్ళు. పలకరించే నాథుడు లేడు. కేకేస్తే నా కేక నాకే తిరిగి రాదు. మూత తీసి సూసినాను. డీజిలున్నాది, ఇంజనాయిలున్నాది, గొట్టంలో గాలి పట్టలేదు. ఎందుకాగిందో తెలుసా?"

"ఎందుకు?"

"బొట్టు లేదు."

ఈసారి ఎవరూ నవ్వలేదు. డింగీ కొత్తదైనా, మరమ్మతై మళ్ళీ నీళ్ళలోకి దిగుతున్నా, ఇంటి ఆడమనిషి పసుపు రాసి బొట్టు పెట్టందే బెస్తవాడు చుక్కాని కర్ర ముట్టడు. బొట్టు లేకుండా వెళ్ళింది తిరిగి రాదంటారు. శివాజీ తండ్రీ అలా వెళ్ళినవాడే, కాసులమ్మ మొగుడూ అలా వెళ్ళినవాడే.

"అందరాడోళ్ళూ డింగీ మూతికి పెడతారు," అన్నాడు తాతబ్బాయి. గొంతు కాస్త తగ్గింది. "మా కాళమ్మ మాత్రం మూతికెట్టి, మళ్ళీ ఎనక్కెల్లి ఇసకలో గొంతుక్కూకుని పంకాకి కూడా ఎట్టీది. తోసీది అదే గదా, దానికెట్టకపోతే ఎలాగ అనీది. అందరూ నవ్వీవోరు."

అక్కడ ఆగిపోయాడు. కథ ఎటు పోవాలో ఒక్క క్షణం తట్టలేదు. ఆమె పాదాల దగ్గర ఇసుకలో మిగిలిపోయే గుంటలు గుర్తొచ్చాయి. అవి మాత్రం కోత కాదు.

"మరేం చేశావు బావా?" కాసులమ్మ మెల్లిగా అడిగింది.

"ఏటి సేస్తాను," అని తాతబ్బాయి చప్పున తేరుకున్నాడు. "అప్పుడే ఓ తిమింగలం పైకి తేలింది. ఆడదే. పేరంటానికొచ్చినట్టు నెమ్మదిగా వొచ్చింది. పొద్దు మునుగుతన్నాది గదా, రెక్క సాపి సూరీడిలోంచి సిటికెడు ఎరుపు తీసి పంకాకి బొట్టెట్టీసింది. దెబ్బకి ఇంజను అందుకుంది. తెల్లారీసరికి విశాఖపట్నం. మేనల్లుడింట్లో సద్దన్నం తిని, మళ్ళీ ఎక్కి, గ్యాలరీ తలుపులు తీసీలోపల సేపని దాని సోట్లో నిలబెట్టీసినాను. ఉప్పునీళ్ళు కూడా తుడిసీసినాను. ఎవులికీ తెలీదు."

"నాకు తెలుసు తాతా," అంది గౌతమి.

గ్లాసు బల్ల మీద పెట్టింది. పోట్లాటకి దిగినట్టు కాదు, సరుకు అప్పజెప్పినట్టు మాట్లాడింది.

"నిన్న ఆ చేప ఎక్కడికీ వెళ్ళలేదు. నువ్వూ వెళ్ళలేదు. అందరిలాగే నా దగ్గర టికెట్ తీసుకున్నావు. తలుపు తీసిన కాడ్నుంచి మూసేదాకా చేప ముందు బెంచీ మీద కూచున్నావు. నిన్నొక్క రోజే కాదు, రోజూ. పీతలు చూడవు, తాబేలు చూడవు. వాచ్‌మన్ భయ్యా బంద్ కర్నా హై దాదా అంటే లేస్తావు."

తాతబ్బాయి కోతల గాలి మొత్తం ఒక్కసారే పోయింది. శివాజీ తొడ చరుచుకుని నవ్వాడు. "అదీ సంగతి! విశాఖపట్నం లేదు, తిమింగలమూ లేదు. ఇంక ఆ పంకా సంగతి కూడా చెప్పెయ్ దీదీ."

తాతబ్బాయి చల్లారిన టీ కేసి చూస్తూ కూర్చున్నాడు. రేపణ్నుంచి ఈ బెంచీ మీద తను నోరు తెరిస్తే చాలు, నవ్వుతారు. లేదా, అసలు కూర్చోరు.

"పంకా ఆయనదే," అంది గౌతమి.

శివాజీ నవ్వు సగంలో ఆగింది.

"ఒక రెక్క కొస వంగుంది. రోజూ ఆ రెక్క మొదట్లో ఎర్రగా ఉంటాది. నేను తుప్పనుకుని రోజూ సాయంత్రం గుడ్డతో రుద్ది తుడిచేస్తన్నాను. మర్నాడు మళ్ళీ అక్కడే తుప్పు. ఇదేం ఇనుము రా బాబూ అనుకున్నాను. కుంకుమని ఇప్పుడే తెలిసింది, నువ్వు చెబుతుంటే."

తాతబ్బాయి తలెత్తాడు. "నువ్వు తుడిసినావా?"

"నేనే తాతా. తెలీక."

"నా సేత్తో ఎడితే ఇనుము పట్టడంలేదు గావాల అనుకున్నాను," అన్నాడు. కోతలు కోసే గొంతు కాదది, ఆ బడ్డీ దగ్గర ఎవరూ వినని గొంతు. "మగోడి సెయ్యి గదా, మరెవులున్నారు నాకు ఇంట్లో? ఎట్టిందే ఎడతన్నాను, మర్నాటికి పోతన్నాది. అది ఓడెక్కి పోతాదంతన్నారు. బొట్టు లేకండా సముద్రం మీదికి ఎలాగ పంపడం? కాళమ్మ ముట్టుకున్నది అదొక్కటే మిగిలుంది."

ప్రసన్న కుమార్ గారు కళ్ళజోడు పెట్టుకోవడం మరిచిపోయి చేతిలోనే పట్టుకున్నారు. ఇంకో బస్సు వచ్చి ఆగింది. గౌతమి దాని వంక కూడా చూడలేదు.

"మా నాన్న డింగీకి నేనే పెడతాను తాతా," అంది. "ఓడకి ఎక్కించేనాడు పొద్దున్నే రా. పసుపూ కుంకుమా నేను తెస్తాను. మూతికీ పెడతాను, పంకాకీ పెడతాను. తుడవను."

తాతబ్బాయి తలూపాడు. గ్లాసు అందుకుని, మీగడతో సహా, ఆ చల్లటి టీ మొత్తం ఒక్క గుక్కలో తాగేశాడు. కాసులమ్మ చూసింది. ఆయన గ్లాసు ఖాళీ కావడం ఆమె చూడ్డం అదే మొదలు. ఆయన లేచేలోపల శివాజీ మోకాలి మీద చెయ్యి వేసి ఆపాడు.

"వెళ్ళింది చెప్పావు గానీ మామా," అన్నాడు నేలచూపులు చూస్తూ, "తిరుగు ప్రయాణంలో ఏమైందో చెప్పనేలేదు."

తాతబ్బాయి బెంచీ మీద మళ్ళీ సర్దుకు కూర్చున్నాడు. కాసులమ్మ ఖాళీ గ్లాసు తీసుకుని మళ్ళీ నింపి ఆయన పక్కన పెట్టింది.

"ఏటీ అవలేదు భయ్యా," అన్నాడు. "ఒక్కడ్నే వొచ్చినాను."