పుర్రచేతి రాయి

"అవ్వా, గోరీల దొరికిన కుండలు, పెంకులు అన్నీ ఆఫీసరోళ్ళకు ఇచ్చిన్రంట. ఈ రాయొక్కటి నువ్వెందుకు దాసుకున్నవ్?"

ఎవరు చెప్పిన్రు నీకు? మీ నాయినమ్మే చెప్పి ఉంటది. దాని కడుపుల మాట దాగదు. కూసో, గా మంచం మీద కూసో. పక్కింటి నర్సమ్మ మనవరాలివని చెప్తున్న, వేరేటోళ్ళైతే గడప ఎక్కనియ్యకపోదును. నాగర్‌కర్నూలు కాలేజీల సదువుకుంట, పాత సామాన్లు ఏడున్నయని ఊరూరు తిరిగి రాసుకుంటున్నవంట గద. రాసుకో. కని నేను చెప్పింది చెప్పినట్టే రాయాలె, అటిటు చెయ్యొద్దు.

మొన్న ఎండకాలం... మొన్నేంది, నిరుడు. నిరుడు ఉపాధి పనికి పోయినం, మన పాన్‌గల్ గుట్ట కింద కందకం తవ్వే పని. నా వయసుకు గడ్డపార ఎవరిస్తరు, తట్టలు మొయ్యమన్నరు. నడుము లోతు పోంగనే ఠంగుమని బండ తగిలింది. బండ లేపితే కింద కుండలు, ఎముకలు. గోరీ అది, ఏ కాలందో. పని ఆగిపాయె. ఒకామె నిమ్మకాయ తెమ్మంటది, ఒకామె ఇంటికి పోత అంటది. నాకేం భయం? బతికున్నోళ్ళు పెట్టిన బాధ ముందట సచ్చినోళ్ళు ఏం చేస్తరు. నేనే దిగిన. మన్ను తీస్తుంటే గీ రాయి చేతికొచ్చింది.

నూరుకునే రాయి ఇది. మీకు మిక్సీలొచ్చినయి, మీకు తెల్వదు. మా అత్త కాలంల ఉప్పు, మిరపకాయ అంతా గిసుంటి రాయితోనే నూరేది. చూడు, ఈడ గుంటలు పడ్డయి చూసినవా? వేళ్ళు ఆన్చి ఆన్చి అరిగినయి. నేను కుడిచేత పట్టుకున్న. కుదురలే. బొటనవేలికి జాగ దొరకలే. తిప్పి పట్టుకున్న, అయినా కుదురలే. ఏంది దీని సంగతి అని చెయ్యి మార్చిన. పాత చెప్పు కాలికి ఎక్కినట్టు ఎక్కింది బిడ్డా. ఐదు వేళ్ళు ఐదు గుంటలల్ల కూసున్నయి.

పుర్రచేతి మనిషి ఆమె. ఎడమచేత్తో నూరింది.

ఆ గోతిలనే కూలబడ్డ. ఎండదెబ్బ అనుకొని మొకాన నీళ్ళు చల్లిన్రు. రాయిని ఒడిల పెట్టుకొని కొంగు కప్పిన. ఎవ్వరు చూడలే. మీ నాయినమ్మ చూసింది, అదెప్పుడు చూడదని.

ఎందుకంటే... మా జమ్ములమ్మ ఉన్నది గద, నా బిడ్డ, మల్దకల్‌కు ఇచ్చిన. దానిది పుర్రచెయ్యే. పుట్టుడే గట్ల పుట్టింది. బువ్వ ఆ చేత్తోనే, ముగ్గు ఆ చేత్తోనే. పుర్రచేతి పిల్ల ఉన్న ఇంట్ల గింజ నిలువదని మా అత్త రోజూ సతాయించేది. అత్త అన్నదని కాదు. అత్త మీదికి తోసేస్తే నాకే పాపం. కొట్టింది నేను. ఆ చేతికి పేలిక చుట్టి ఈపుకు గుంజి కట్టింది నేను. వాత పెట్టింది నేను.

అప్పుడు వానలు లేవు. సగం ఊరు వలసపోయేది. మేస్త్రి మమ్ముల లారీల ఎక్కించి ఏడనో డ్యాం కాడికి తోల్కపోయిండు. తల్లిబిడ్డలం ఇద్దరికి కలిపి రోజుకు ఆరు రూపాయలో ఏడో, యాది లేదు. జొన్నలు మాత్రం వాడే పోసేది, సగం జొన్నలు, సగం రాళ్ళు. వరుసల నిలవడి తట్టలు అందియ్యాలె. అందరు ఒక దిక్కు తిరిగితే ఇదొక్కతి ఎదురు తిరిగేది, తట్ట కింద పడేది. "నీ బిడ్డ చెయ్యి మార్చుకుంటదా, ఇద్దరు మూట సదురుకుంటరా" అన్నడు మేస్త్రి. తీసుకపోయి కంకర కొట్టేకాడ కూసోబెట్టిన. సుత్తె కుడిచేతిలనే పట్టాలె అన్న. కట్టె పట్టుకొని ఎదురుంగ నిలవడ్డ. పన్నెండేండ్ల పిల్ల.

అలవాటు లేని చెయ్యి ఏడ కొడ్తది? రాయిని పట్టుకున్న పుర్రచేతి మీదనే కొట్టుకున్నది. మూడు వేళ్ళు నలిగినయి. ఆడ దవాఖాన ఏడున్నది, పసుపు పెట్టి కట్టిన. అతికినయి గని వంగయి. ఇప్పటికీ వంగయి.

అది నన్ను ఒక్క మాట అనలే. వస్తది, పోతది, చీర పెడ్తే కట్టుకుంటది. నా ముందట మాత్రం ఆ చెయ్యి కొంగుల పెట్టుకుంటది.

ఈ రాయి ఇంటికి తెచ్చినంక రోజూ పట్టుకొని చూసేదాన్ని. ఇంత గుంట పడాలంటే ఎన్నేండ్లు నూరాలె చెప్పు? చిన్నప్పటి నుంచి ముసల్దయ్యేదాక నూరాలె. ఆ గోరీ వేల ఏండ్ల కిందటిది అన్నడు చూడనొచ్చిన ఆఫీసరు. అప్పుడు బడి లేదు, సదువు లేదు. అయినా ఆ పిల్ల చెయ్యిని ఎవ్వరు ఏమనలే. సచ్చినంక ఆమె రాయి ఆమె పక్కనే పెట్టిన్రు. ఆమెకు తల్లి ఉండేది గద. ఆ తల్లి చూసి ఊకున్నది, నేను ఊకోలే. మేస్త్రిని తిడ్దామంటే వాడు సచ్చిండు. అత్త సచ్చింది. మిగిలింది నేనే. ఎవర్ని తిట్టాలె?

ఒకనాడు ఆగలేక బయిలెల్లిన. వనపర్తికి పోయి గద్వాల బస్సెక్కిన, ఇప్పుడు ఆడోళ్ళకు టిక్కెట్టు లేదు గద, ఆడినుంచి ఆటోల మల్దకల్. తప్పయ్యింది బిడ్డా అని చెప్దామని. నలభై ఏండ్ల నుంచి నోట్లనే ఉన్న మాట. దారంతా లోపల అనుకుంట పోయిన. దాన్ని చూసినంక కొంగు మూట ఇప్పిన. రాయి తీసి దాని పుర్రచేతిల పెట్టిన.

"జమ్ములత్త ఏమన్నది అవ్వా?"

పట్టుకుందామని చూసింది. వేళ్ళు వంగితే గద. జారి కింద వడ్డది. మళ్ళ తీసి ఇచ్చిన, మళ్ళ వడ్డది. అప్పుడు చెప్పిన, ఇది పుర్రచేతి మనిషిది, సూడు, తల్లి ఆమెను ఏమనలే అని. అది కింద వడ్డ రాయినే చూసుకుంట అన్నది, "ఆమెకు తల్లి లేకుండెనేమోనమ్మా."

కోపంగ అనలే. కోపంగ అంటె బాగుండు. పొయ్యి మీది అన్నం దించి, కుడిచేత్తో వడ్డించి, తిను అన్నది. తిన్న. ఏం చేస్త, తిన్న.

చెప్పాలనుకున్న మాట మాత్రం చెప్పలే. ఇంక చెప్తనో లేదో.

ఇది నువ్వు తీసుకపో బిడ్డా. ఆఫీసరోళ్ళకే ఇయ్యి. అద్దాల పెట్టెల పెడ్తరంట, పెట్టనీ. కని కింద కాయితం మీద ఉత్తగ నూరే రాయి అని రాస్తే ఒప్పుకోకు. పుర్రచేతి మనిషిది అని రాయించు. రాయకపోతే కొట్లాడు, నీకు సదువున్నది.

పో, ఎండ ఎక్కుతున్నది. సల్లగుండు. రేపు నీకు పెండ్లై పిల్లలైతే... నేను చెప్పేదేందంటే... ఏం లేదు. ఎవరి చెయ్యి వాళ్ళకుండాలె బిడ్డా. పో...