డబ్బీ మీద పేరు

ఎడ్లపాడు శివారు కాలనీ. పగలు పదకొండయింది. ఆశా కార్యకర్త ప్రశాంతి, సైదాబీ ఇంటి గుమ్మంలో నిలబడి ఉంది. సైదాబీ ఒళ్ళో మనవరాలు నిద్రపోతోంది.

"ముందు లోపలికి రా ప్రశాంతీ. ఆ యూనిఫాం చీరతో వాకిట్లో నిలబడితే ఎదురింటి రాఘవమ్మ కంట్లో పడతావు. ఇంక సాయంత్రానికి కబురు కాలనీ అంతా చేరిద్ది."

"వచ్చాలే పిన్నమ్మా. ముస్కాన్ ఏది? నీ కూతురితోనే పని."

"మిల్లుకు పోయింది. బస్సు ఏడింటికే వచ్చిద్ది గదా. కూకో. మంచినీళ్ళు తాగుతావా?"

"వద్దు. ఎన్నింటికొస్తది?"

"నాలుగు దాటిద్ది. నువ్వు చెప్పేదేదో నాకు చెప్పు. పోయిన గురువారం ఇచ్చిన కళ్ళె ఊసిన డబ్బీ సంగతేగా?"

"పసిదాన్ని మంచం మీద పడుకోబెట్టు, చెప్తా."

"ఒళ్ళో ఉంటేనే దీనికి నిద్ర. చెప్పు. ఏం లేదని వచ్చిద్దని నాకు ముందే తెలుసు. మిల్లులో దూది నలుసులకి దగ్గుతందే అంటే వినకపోతివి. మూడు వారాల దగ్గంటే టీబీ పరీక్ష చేయాల్సిందే అని కూకున్నావు."

"పిన్నమ్మా, వచ్చింది."

"ఏంది వచ్చింది?"

"టీబీ. పొద్దున నరసరావుపేట నుంచి రిపోర్టు వచ్చింది. డాక్టరుగారు నన్ను పిలిచి ఇయ్యాలే తీసుకురమ్మన్నారు."

"ఎవరిని?"

"ఎవరినేంది? ముస్కాన్‌ని."

"కాదు. పేరు సరిగ్గా చదువు."

"షేక్ ముస్కాన్, పంతొమ్మిదేళ్ళు. డబ్బీ మీద నేనే రాశా గదా. ఇదిగో, ఫోన్లో కూడా అదే పేరు."

"మారిపోయుంటది. అందరి డబ్బీలూ ఒక్కచోట పెడతారు గదా. వేరేవాళ్ళది..."

"ఆ రోజు నేను తీసుకుపోయింది ఆ ఒక్క డబ్బీనే. నువ్వేగా పొద్దున్నే నా చేతికి తెచ్చిచ్చావు?"

"ఇచ్చా. ఇచ్చాలే."

"నేనూ ఆ రిపోర్టు రెండుసార్లు చదువుకున్నా. చిన్నప్పట్నుంచి చూస్తన్న పిల్ల. అయినా భయపడబాకు. ఆరు నెలలు బిళ్ళలేసుకుంటే నయమైపోద్ది. బిళ్ళలు నేనే తెచ్చిస్తా."

"మళ్ళీ చేయమను."

"మళ్ళీ ఎందుకు? మిల్లు గురించేనా నీ భయం?"

"పోయినేడు మిల్లులో పనిచేసే సంజనకి ఈ జబ్బు పేరు పడితే మేస్త్రీ గేటు కూడా దాటనీయలా. మా ఇంటికి నిలకడగా వచ్చేది ముస్కాన్ జీతమొక్కటే."

"మిల్లులో నేనెందుకు చెప్తా? నా నోటెంట రాదు. నాలుగింటికి వచ్చి నేనే ఆటోలో తీసుకుపోతా. సరేనా?"

"ప్రశాంతీ."

"ఊఁ."

"ఇది దగ్గు పెద్దగా లేనోళ్ళకి కూడా ఉంటదా?"

"ఉంటది. కొంతమందికి బయటికి తెలీనే తెలీదు. ఎందుకు, నీకేమన్నా..."

"నన్నొదిలేయ్. నా సంగతెందుకిప్పుడు? పసోళ్ళకి అంటుద్దా?"

"అంటుద్ది. నా భయం కూడా అదే. ఎనిమిది నెలల పిల్ల. దీన్ని ముస్కాన్ ఎత్తుకుంటదా?"

"దానికి తీరికేది? వస్తది, తింటది, వరండాలో మంచమేసుకుని పడుకుంటది."

"మరి కోడలు?"

"కోడలూ, నా కొడుకు నాగూర్ వలీ మిరపకోతలకి పోతన్నారు గదా. చీకటి పడ్డాకే రావడం."

"అంటే రోజంతా నీ దగ్గరే."

"నా దగ్గరే. అన్నం నమిలి నోట్లో పెట్టేది నేనే. రాత్రిళ్ళు కూడా నా గుండెకి ఆనుకునే పడుకుంటది. పుట్టిన కాణ్నుంచి అంతే."

"హమ్మయ్య. బతికించావు పిన్నమ్మా."

"ఏందే బతికించింది?"

"ఇట్టాగే ఉంచు. దీన్ని కూడా డాక్టరుగారికి చూపిద్దాంలే. ఈలోపు ముస్కాన్ దగ్గరికి మాత్రం పోనీయబాకు. ఏడ్చినా సరే, ఒళ్ళోంచి దించబాకు. నీ దగ్గరుంటే దీనికేం కాదు."

"అట్టా అనబాకు."

"నిజమే చెప్తన్నా. ఈ ఇంట్లో దీనికి నీ ఒడికి మించిన చోటు లేదిప్పుడు."

"అనబాకే తల్లీ. నీకు దణ్ణం పెడతా, ఆ మాట అనబాకు."

"ఏమయింది? దీన్నెందుకు ఒళ్ళోంచి తోస్తన్నావు? పిన్నమ్మా, పిల్ల జారిపోద్ది, జాగ్రత్త."

"నువ్వు తీసుకో. దీన్ని నా ఒళ్ళోంచి తీసేయ్ ప్రశాంతీ. తర్వాత ఎంతన్నా తిట్టు. ముస్కాన్‌కి ఆ పేరు పడకూడదని, దాని బదులు ఆ డబ్బీలో నేను ఊశా."