గీత తాకని చిల్లు

ఎమెంటాల్ కొండల్లో తుపాకీ పోటీ ముగిసింది. ఏటా పతకం రెగులాకే పోతోందని ఉర్స్‌కి కడుపుమంట. పక్కపక్కనే కాల్చిన ఇద్దరూ గురి అట్టల ముందు నిలబడ్డారు.

“నడిమి వలయం గీత తాకితేనే పది పాయింట్లు. నీ అట్ట మీది ఈ చిల్లు తాకలేదు. తొమ్మిదే!”

“కళ్ళజోడు పెట్టుకుని చూడు ఉర్స్.”

“అక్కర్లేదు. ఏటా నీకే పతకం ఎలా వస్తుందో ఇప్పుడర్థమైంది మహాతల్లీ!”

“సరే, తొమ్మిదే.”

“అంత తేలిగ్గా ఒప్పుకున్నావేం?”

“నా అట్ట మీద చిల్లు ఒకటి ఎక్కువుంది, నీ దాని మీద ఒకటి తక్కువుంది. ఈ చిల్లు నీదే, నన్ను చూస్తూ నా అట్టకే కాల్చావు. పాపం, పదిగా నీ లెక్కలో వేయమని అడుగుదామనుకున్నా.”

ఉర్స్ మెల్లగా జేబులోంచి కళ్ళజోడు తీశాడు.

“ఏదీ... కాస్త తాకినట్టే ఉంది కదూ?”