ముద్ద పక్కన ఏముంది?

"ఏమే, ఎవరూ చెయ్యి పట్టుకోకుండా నువ్వు పీట మీదనుంచి లేసి ఎన్నాళ్లాయె?"

హిందూపురంలో చెల్లెలి ఇంటికి వచ్చిన అక్క అడిగింది. చెల్లెలు రాగి ముద్దను ఉత్త చారులో అద్దుకుంటోంది.

"షుగరు బాగా తగ్గిందక్కా. సన్నబడినా గదా, సూడు."

"సూస్తాండా. పోయింది కొవ్వు గాదు, కండ. కండ నిలిపే పప్పు యాడ? గుడ్డు యాడ?"

"షుగరోళ్లకు అవి వద్దని మానేస్తి."

"డాక్టరు చెప్పినాడా?"

"లేదు, ఎదురింటోళ్లు చెప్పిరి."

"మరి ఇంటి పని?"

"కోడలు చెంబు గూడా ఎత్తనీదు. ఊరంతా మెచ్చుకుంటారు."

"దానికి పేరొచ్చె, నీకు కాళ్లు పోయె."

చెల్లెలు నవ్వబోయి ఆగింది.

"మొన్న బాత్‌రూములో కూర్చుంటే లేవలేకపోతినక్కా. కేకేసేకి సిగ్గాయె."

అక్క గుడ్డు ఉడికించి తెచ్చి కంచంలో పెట్టింది.

"తిను. డాక్టరు దగ్గరికి పోదాం. ఎంత తినాల్నో, ఎట్లా కాళ్లాడించాల్నో ఆయప్పనే అడుగుదువు."

తిన్నాక అక్క చెయ్యి అందించలేదు. గోడ పట్టుకుని, రెండోసారికి చెల్లెలే లేచింది.

మీ ఇంట్లో షుగరున్న పెద్దామె కంచంలో ఈ పూట ముద్ద పక్కన ఏముందో, ఇప్పుడే వెళ్లి చూడండి.